ఆపరేషన్ నుంచి ముగ్గు దాకా: నా నడుం కథ

ఎడమకాలి చెప్పు దానంతటదే జారిపోతుంటే చెప్పు పాతదైపోయిందనుకున్నాను. కొత్త జత కొన్నాను. అదీ జారింది. ఒకరోజు మంచం మీద కూర్చుని కాళ్లు రెండూ చాపి చూసుకుంటే, కుడి బొటనవేలు పైకి లేస్తోంది, ఎడమది నా మాట వినడం లేదు.

నేను ఇంట్లోనే కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. నడుంనొప్పి నాకు కొత్త కాదు. పిరుదు దగ్గర మొదలై తొడ వెనక నుంచి పిక్క దాకా కరెంటులా దిగే నొప్పి కూడా అప్పటికి ఏడాది నుంచీ ఉంది. మాత్ర వేసుకునేదాన్ని, మిషన్ ముందు కూర్చునేదాన్ని. వేలు లేవకపోయేసరికి మాత్రం భయం వేసింది. మాది పర్లాకిమిడి. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసినా, పెద్ద జబ్బు వస్తే మా కాళ్లు ఇప్పటికీ శ్రీకాకుళం, విశాఖ వైపే నడుస్తాయి. మేమూ విశాఖ వెళ్లాం. ఎమ్మారై తీశారు. నడుం దగ్గర నాలుగో పూసకీ ఐదో పూసకీ మధ్య మెత్తటి దిండులా ఉండే డిస్క్ బయటికి పొడుచుకొచ్చి నరాన్ని నొక్కేస్తోందని తేలింది. "ఒట్టి నొప్పే అయితే ఇంకొన్ని వారాలు చూద్దాం అనేవాణ్ణి. కాలి బలం తగ్గుతోంది, ఇంక ఆగకూడదు" అన్నారు సర్జన్. ఫిబ్రవరి రెండో వారంలో చిన్న గాటుతో చేసే మైక్రోడిసెక్టమీ అనే ఆపరేషన్ చేశారు.

ఆయన ముందే చెప్పిన మాట ఒకటి అప్పుడు నా చెవికెక్కలేదు. ఈ ఆపరేషన్ కాలి నొప్పి కోసమే, నడుంనొప్పికి ఇది హామీ ఇవ్వదు అని. నరం మీద పడ్డ ముక్కని తీసేస్తారు, అంతే. డిస్క్ కొత్తదైపోదు. ఆ ముక్క బయటికొచ్చిన చిల్లు మెల్లగా మానాలి. అది మానేలోపు వంగి, బరువులెత్తి, నడుం మెలితిప్పితే మళ్లీ అక్కడే ఇంకో ముక్క రావచ్చు. నూటికి ఐదు నుంచి పదిహేను మందికి అలా వస్తుందని ఆయన చెప్పిన లెక్క. ఆ లెక్క మాత్రం నాకు బాగా గుర్తుండిపోయింది. తర్వాత నేను పడ్డ టెన్షన్‌లో సగం దానిదే.

మర్నాడే లేపి నిలబెట్టారు. నర్సమ్మ మొదట నేర్పింది మంచం దిగడం. మనం మామూలుగా నడుం ఎత్తి లేచి కూర్చుంటాం కదా, అలా కాదు. మోకాళ్లు ముడిచి, భుజాలూ నడుమూ ఒక్కసారే తిరిగేలా దుంగలా పక్కకి దొర్లాలి. కాళ్లు మంచం కిందికి జారవిడుస్తూ చేతులతో నెట్టుకుని లేవాలి. ఇవాళ్టికీ అలాగే లేస్తాను. కాలి కరెంటు మాయమైంది. వేలు మాత్రం ఇంకా లేవలేదు. నరం మెల్లగా కోలుకుంటుంది, నెలలు పట్టొచ్చు అన్నారు. ఇంటికి కారులో వచ్చాం, సీటు వెనక్కి వాల్చుకుని. అరగంటకోసారి ఆపించి, దిగి నాలుగడుగులు వేసి ఎక్కాను. డ్రైవరబ్బాయి పాపం ఒక్క మాట అనలేదు.

చేతిలో పెట్టిన కాగితంలో ఆరు వారాలకి రాసినవి ఇవి: వంగొద్దు, రెండు కిలోలు దాటి ఎత్తొద్దు, నడుం తిప్పొద్దు, అరగంటకి మించి ఒకేచోట కూర్చోవద్దు, నడవండి. మా ఇంట్లో ఈ చివరి ముక్క మీదే గొడవ. మా అత్త ఆ కాగితాన్ని నమ్మలేదు. "ఎన్నుపూస మీద కత్తెట్టినారు, ఆటలేటే? మూడు నెలలు మంచం దిగకు" అంది. నిజం చెప్పాలంటే నాకూ అదే హాయిగా ఉంది. మంచం మీద ఉంటే ఏమీ అవదు కదా. పది రోజులు బాత్రూంకి తప్ప లేవలేదు. లేచినప్పుడల్లా కాళ్లు వణికేవి, కళ్లు తిరిగేవి. నడుం బాగోలేక వణుకుతున్నాననుకున్నాను. పడుకోబట్టే వణుకుతున్నానని తర్వాత తెలిసింది.

బాత్రూం అన్నాను కాబట్టి చెప్తున్నా, ఎవరూ చెప్పరు గనక. మా ఇంట్లో ఉన్నది నేలదొడ్డి. గొంతుక్కూర్చోవడం అప్పట్లో కుదరని పని. మధ్యలో చిల్లున్న ప్లాస్టిక్ కుర్చీ దొరుకుతుంది, ఆపరేషన్‌కి వెళ్లే ముందే కొని పెట్టుకోండి. మావాళ్లు నేనొచ్చాక మూడో రోజున తెచ్చారు. ఆ మూడు రోజుల సంగతి అడక్కండి. ముక్కడం కూడా మంచిది కాదు, అందుకని మలబద్ధకం రాకుండా నీళ్లూ అరటిపళ్లూ బాగా తీసుకోమన్నారు.

కుట్లు చూపించుకోవడానికి వెళ్తే సర్జన్ నా నడక చూసి, "నడుస్తున్నారా?" అన్నారు. లేదన్నాను. ఆయన ముఖం చూసి ఆ రోజు నుంచే మొదలుపెట్టాను. వరండాలో ఐదేసి నిమిషాలు, రోజుకి నాలుగుసార్లు. కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవడం. నెల దాటేసరికి వీధి చివర దాకా, ఆరో వారానికి మహేంద్రతనయ నది ఒడ్డు దాకా పోయి రావడం, ఆగకుండా అరగంట. ఇంత సాదా నడకని కసరత్తు అనడానికి నాకే సిగ్గేసేది. మొదటి ఆరు వారాల్లో నాకు అన్నిటికంటే పనికొచ్చింది మాత్రం అదే. పడుకుని చేసేవి రెండు మూడే: పాదాలు పైకీ కిందికీ ఆడించడం, మడమని పరుపు మీద జారుస్తూ మోకాలు ముడవడం, ఊపిరి బిగపట్టకుండా పొత్తికడుపుని కొంచెం బిగించి పది లెక్కపెట్టడం.

తర్వాత దగ్గర్లో ఉన్న ఒక ఫిజియోథెరపీ సెంటర్లో చేరాను. పది రోజులు నడుం మీద వేడి పెట్టారు, కరెంటు ప్యాడ్లు అంటించారు, రోజుకి మూడొందలు తీసుకున్నారు. హాయిగానే ఉండేది. ఒక్క ఎక్సర్‌సైజు కూడా నేర్పలేదు. పదకొండో రోజు మానేశాను.

ఇక్కడ నా తప్పు. ఆపరేషన్ అయి తొమ్మిది వారాలైంది. కాలి నొప్పి లేదు, అరగంట నడుస్తున్నాను, పెళ్లిళ్ల జాకెట్లు గుట్టగా పడున్నాయి. పక్కింటి వదిన ఫోన్లో ఒక వీడియో పంపింది. నడుంనొప్పికి సూర్య నమస్కారాలు. "నాకైతే నెల్లాళ్లలో మాయమైపోనాది" అంది. ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. ఆవిడ నడుంలో చిల్లు లేదు, అంతే తేడా. పొద్దున్న ఐదున్నరకి లేచి, లేచిన వెంటనే, చాప వేసుకుని ఆరు నమస్కారాలు చేశాను. ముందుకి వంగి చేతులు నేలకి ఆనించినప్పుడు పిక్కలు బాగా లాగాయి. ఆ లాగుడు మంచిదే అనుకున్నాను. మధ్యాహ్నానికి నడుం కర్రలా బిగుసుకుంది. రాత్రికి పిరుదులోంచి పిక్కకి పాత కరెంటు దిగింది.

ఆ రాత్రి పడుకోలేదు. నూటికి పదిహేను అన్న లెక్క గోడ మీద రాసినట్టు కనిపించింది. డిశ్చార్జి కాగితం వెనక పేజీలో వెంటనే ఆసుపత్రికి రావలసిన లక్షణాలు రాసి ఉన్నాయి. మా ఆయన టార్చి వేసి ఒక్కొక్కటే చదివారు, నేను ఒక్కొక్కటే చూసుకున్నాను. మూత్రం ఆగిపోవడం గానీ తెలియకుండా పోవడం గానీ, మల విసర్జన మీద అదుపు తప్పడం, తొడల మధ్య, కూర్చుంటే పీటకి ఆనే చోట తిమ్మిరెక్కి స్పర్శ తెలియకపోవడం, కాలు ఉన్నట్టుండి మరీ బలహీనపడటం, జ్వరం, కుట్ల దగ్గర ఎరుపు, చీము. మొదటి మూడింటిలో ఏదొచ్చినా తెల్లారేదాకా ఆగకూడదు, గంటలు కూడా లెక్కే. నాకు ఏవీ లేవు. వేలు ముందు ఎంత లేచేదో అంతే లేస్తోంది. పొద్దున్న విశాఖ ఫోన్ చేస్తే, మందులు చెప్పి, రెండు వారాలు చూద్దాం, తగ్గకపోతే మళ్లీ ఎమ్మారై అన్నారు. "పడుకోకండి, పొట్టి నడకలు నడవండి" అని కూడా అన్నారు.

పన్నెండు రోజులకి తగ్గింది. ఈ పన్నెండు రోజుల్లోనే మా ఆయన స్నేహితుడు ఒకాయన చెప్తే ఇంకో ఫిజియో దగ్గరికి వెళ్లాను. ఒడియా అమ్మాయి, పాతికేళ్లు దాటి ఉండవు. నన్ను మావుసీ, అంటే పిన్నీ, అని పిలుస్తుంది, తెలుగు ఒడియా యాసతో మాట్లాడుతుంది. ఒడియాలో నడుముని అంటా అంటారు. మొదటి రోజు ఆ పిల్ల "అంటా బిన్ధుచి?" (నడుం నొప్పెడుతోందా?) అని అడిగితే పక్కనున్న మా అత్త, "ఎవలంటన్నారే?" అని నన్ను గిల్లింది. ఆ నవ్వుకి కూడా నడుం కలుక్కుమంది.

ఆ పిల్ల నా నడుం చూడకముందు నన్ను కూర్చోబెట్టి నొప్పుల గురించి చెప్పింది. సున్నా నుంచి పది దాకా కొలత పెట్టుకో మావుసీ అంది. కసరత్తు చేస్తున్నప్పుడు మూడు దాకా ఉంటే ఫర్వాలేదు. ఐదు దాటితే ఆపు. కానీ అసలు మార్కులు వేసేది మర్నాడు పొద్దున్న. లేచేసరికి నిన్నటిలాగే ఉంటే నిన్న చేసింది సరిపోయింది. నిన్నటికంటే ఎక్కువుంటే నిన్న ఎక్కువ చేశావు, ఇవాళ సగానికి తగ్గించు. ఇంకోటి, నొప్పి ఎంత ఉందనేదానికంటే ఎటు పోతోందో చూడు. పిక్కలో ఉన్నది తొడకి, తొడలోది పిరుదుకి, పిరుదులోది నడుముకి ఎక్కుతుంటే, నడుంలో కాస్త ఎక్కువైనా సరే, అది మంచి దారి. నడుంలోది కాల్లోకి దిగుతుంటే ఆ పని వెంటనే మానెయ్. కండరం పీకినట్టుండే నొప్పి వేరు, నరం వెంట సన్నగా గీత గీసినట్టు దిగే నొప్పి వేరు. ఇన్నాళ్లూ నేను రెండింటినీ నడుంనొప్పి అని ఒకే పేరుతో పిలుస్తున్నాను. అయినా తేడా ఏంటని ఎప్పుడైనా అడిగారా ఎవరైనా.

సూర్య నమస్కారం సంగతి చెప్తే తిట్టలేదు. పొద్దున్నే చేశావా అని మాత్రం అడిగింది. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయట. అందుకే పొద్దున్న మనం సాయంత్రంకన్నా ఒక సెంటీమీటరో ఇంకాస్తో పొడుగుంటాం. ఆ ఉబ్బు తగ్గేదాకా, లేచిన మొదటి గంట, ముందుకి వంగితే డిస్క్ మీద ఒత్తిడి మామూలుకంటే ఎక్కువ. ఆ మాట వినగానే నాకు గుర్తొచ్చింది ఆసనాలు కాదు, వాకిలి. చిన్నప్పటి నుంచీ లేచిన ఐదు నిమిషాల్లో నడుం సగానికి విరిచి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టడమే కదా మన పని! అంటే ముప్పై ఏళ్లుగా రోజూ సరిగ్గా చెయ్యకూడని గంటలో చేస్తున్నాను.

ఆ పిల్ల నేర్పిన వాటిలో నన్ను నిజంగా మార్చింది చీపురు కర్ర. వాకిలి ఊడ్చే పొడుగు కర్ర వెన్ను మీద నిలువుగా పెట్టుకోవాలి. తల వెనక ఒకచోట, భుజాల మధ్య ఒకచోట, నడుం కింద తోక ఎముక పైన ఒకచోట తగలాలి. ఇప్పుడు మూడు చోట్లా కర్ర అంటుకునే ఉండేలా వంగాలి. నడుం వంచితే కర్ర ఊడిపోతుంది. మోకాళ్లు కొద్దిగా సడలించి, వెనకున్న తలుపుని పిరుదులతో మూస్తున్నట్టు వెనక్కి జరిపితేనే నిలుస్తుంది. తుంటి దగ్గర మడత పడాలి, వెన్ను పలకలా ఉండాలి. నాకు వారం పట్టింది. వచ్చాక మాత్రం, సింకు దగ్గర ముఖం కడుక్కోవడం, పరుపు మీద దుప్పటి పరచడం, కింద పడ్డ కత్తెర తియ్యడం, అన్నీ అదే మడతతో. రోజుకి పది నిమిషాల కసరత్తు ఒక ఎత్తు, మిగతా రోజంతా ఎలా వంగుతున్నామనేది ఒక ఎత్తు.

నరానికి ఒకటి చెప్పింది. కుర్చీలో నిటారుగా కూర్చుని, ఎడమ కాలు మెల్లగా చాపుతూ తల పైకెత్తాలి. కాలు ముడుస్తూ తల దించాలి. పదిసార్లు, ఎక్కడా పట్టి ఉంచకూడదు. నరాన్ని సాగదీయడం కాదిది, దాని దారిలో అది అటూ ఇటూ జారేలా చెయ్యడం. దర్జీ పనిలో ఉన్నాను కాబట్టి నాకు వెంటనే అర్థమైంది. గుడ్డలో దారం చిక్కుపడితే గట్టిగా లాగితే ముడి బిగుస్తుంది. అటు కొంచెం ఇటు కొంచెం కదిపితే జారుతుంది.

మిగతావి త్వరగా చెప్తాను. వెల్లకిలా పడుకుని పిరుదులు ఎత్తే బ్రిడ్జి మొదట. మూడో నెల దాటాక మోకాళ్లూ చేతుల మీద ఉండి ఎదురు చెయ్యీ కాలూ చాపే బర్డ్ డాగ్. నా నడుం మీద స్టీలు గ్లాసులో సగం నీళ్లు పోసి పెట్టేది, ఒలికితే మళ్లీ మొదటి నుంచి. తర్వాత పక్కకి తిరిగి మోచెయ్యీ మోకాళ్లూ ఆనించి నడుం ఎత్తి ఉంచే పక్క ప్లాంక్, ఒక మోకాలు ముడిచి అరచేతులు నడుం కింద పెట్టుకుని తలా భుజాలూ కొంచెమే ఎత్తే కర్ల్ అప్. ఈ చివరి మూడూ కెనడా ప్రొఫెసర్ స్టూవర్ట్ మెక్‌గిల్ పేరుతో అందరూ చేయించేవేనట. ఒక్కోటీ పది సెకన్లకి మించి పట్టి ఉంచనిచ్చేది కాదు. పూర్తిగా లేచి మోకాళ్లని ముట్టుకునే సిటప్పులు, కాళ్లు చాపి బొటనవేళ్లు పట్టుకోవడం, నడుం మెలితిప్పే ఆసనాలు వద్దంది. నడుంకి కట్టుకునే బెల్టు కూడా మెల్లగా వదిలించింది. ప్రయాణానికి తప్ప ఇప్పుడు వాడను.

ఒక మాట. మా ఆయన మేనమామ కొడుక్కి రాడ్లూ స్క్రూలూ వేసి పూసలు కలిపే ఆపరేషన్ అయింది. నేను చేస్తున్నవి చూసి తనూ మొదలుపెడతానన్నాడు. నేనే ఆపాను. వాళ్లకి ఎముక అతుక్కోవాలి, దానికి ఆర్నెల్ల నుంచి ఏడాది పడుతుంది, లెక్కలు వేరు. సిగరెట్ తాగితే అతుకు ఆలస్యమవుతుందని అతనికి డాక్టర్ గట్టిగా చెప్పాడు కూడా. ఇది చదివేవాళ్లలో అలాంటివాళ్లుంటే మీ సర్జన్ని అడక్కుండా నా వారాలూ నెలలూ మీకు వేసుకోకండి.

మిషన్ దగ్గరికి మే నెలలో చేరాను. బల్ల కాళ్ల కింద చెక్కలు వేసి నాలుగంగుళాలు ఎత్తు చేయించాను, నడుం వెనక తువ్వాలు చుట్టి పెట్టుకున్నాను, తొక్కుడు తీసేసి మోటారు వేయించాను. ఫోన్లో ఇరవై ఐదు నిమిషాలకి గంట పెట్టుకుంటాను. మోగగానే, చెయ్యి సగం కుట్టు మీదున్నా సరే, లేచి వీధి గుమ్మం దాకా పోయి వస్తాను. మొదట్లో చిరాకేసేది. ఇప్పుడు గంట మోగకముందే నడుం చెప్తుంది. ఆ సీజన్లో సగం జాకెట్లు వెనక్కి పంపేశాను. డబ్బు పోయింది, ఏం చేస్తాం.

రథయాత్ర రోజు గంటన్నర నిలబడ్డాను. నడవడంకన్నా కదలకుండా నిలబడటమే కష్టమని ఆ రోజు తెలిసింది. ఒక కాలు మెట్టు మీద పెట్టుకుని, కాసేపటికి కాలు మారుస్తూ గడిపాను. దండం నిలబడే పెట్టాను. మర్నాడు పొద్దున్న నొప్పి నాలుగు. ఆ రోజు సగం కసరత్తు. ఎల్లుండికి రెండు. ఏప్రిల్‌లో అయితే నాలుగు చూసి ఏడ్చేదాన్ని.

మార్గశిరం వచ్చింది. మా వైపు లక్ష్మివారం అంటే తెలుగు ఇళ్లలోనూ ఒడియా ఇళ్లలోనూ ఒకటే హడావుడి. వాళ్లు బియ్యప్పిండితో ఝోటి వేస్తారు, మేము ముగ్గు. కిందటేడు వరకూ నాలుగింటికే లేచి వీధి సగం నింపేదాన్ని. ఈసారి మా అమ్మాయి ఊడ్చి కళ్లాపి చల్లింది. నేను లేచి, గంట సేపు ఇంట్లో తిరిగి, నది దాకా నడిచొచ్చి, ఏడున్నరకి ముగ్గుగిన్నె పట్టుకున్నాను. పాత పరుపు ముక్క వేసుకుని దాని మీద ఒక మోకాలు ఆనించి, రెండో మోకాలి మీద ఎడమ చెయ్యి పెట్టి, వెన్ను పలకలా ఉంచి మొదలుపెట్టాను. చుట్టూ చెయ్యి చాచి వెయ్యకుండా, పరుపు ముక్కనే జరుపుకుంటూ. "ఎండెక్కినాక ముగ్గేటే, లచ్చిందేవి ఎల్లిపోనాది" అని అత్త గుమ్మంలోంచి అంటూనే ఉంది. పది నిమిషాల్లో ఏడు చుక్కల పద్మం అయింది. గీతలు కొంచెం వంకరపోయాయి.

శుక్రవారం పొద్దున్న దొర్లి లేచి ముందు నొప్పి ఎంతుందో చూసుకున్నాను. రెండు. పిక్క బయటివైపు అరచేయంత మేర ఇప్పటికీ తిమ్మిరిగానే ఉంది, పెళ్లిభోజనాల్లో కింద కూర్చోలేక కుర్చీ అడుగుతున్నాను. బొటనవేలు మాత్రం కుడిదాని ఎత్తులో ముప్పాతిక దాకా లేస్తోంది. చెప్పు నిలుస్తోంది.